‘లేదు’ చెప్పే శనివారాలు

మొన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో సెమినార్ హాలు వేదిక మీద కూర్చుని ఉండగా ముందు వరుసలోంచి నీలగిరి తైలం వాసన వచ్చింది. జలుబు చేసిన ఒక అమ్మాయి చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని నా ఉపన్యాసం కోసం ఎదురు చూస్తోంది. జలుబు చాలదన్నట్టు నా మాటలు కూడా భరించాల్సిన అవసరం ఆ పిల్లకు ఏమొచ్చిందో. నన్ను పరిచయం చేస్తున్న ప్రొఫెసరు గారు మైకులో “ఈ క్యాంపస్‌తో వీరిది ఏళ్ల నాటి అనుబంధం” అంటున్నారు. అబద్ధమేమీ కాదు. ఇదే క్యాంపస్ గేటు ఎదురుగా జిరాక్సు షాపులో పనిచేశాను. ఇక్కడ చదివిన ఎంతోమంది నోట్సు నా చేతుల మీదుగానే పోయింది. వాళ్లు చదివారు, నేను రెండువైపులా తిప్పి వేశాను. ఆ మాట మైకులో అంటే హాలంతా నవ్వేది. నవ్వించడం నాకు కొత్త కాదు. కానీ ఆ వాసన తగలగానే నోట్లో ఉన్న జోకు నోట్లోనే ఆగిపోయింది. ఎస్తేరు మేడం గుర్తొచ్చారు.

తార్నాకలో, ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండు గదుల ఆఫీసు ఆవిడది. కంపెనీలకు కావలసిన మనుషులను వెతికిపెట్టడం ఆవిడ పని. పొద్దంతా కంప్యూటర్ తెర చూసి తల బరువెక్కితే రుమాలు మీద రెండు చుక్కల నీలగిరి తైలం వేసుకుని మళ్లీ తెర వైపు తిరిగేవారు. మొన్న నాకిచ్చిన అంశం ‘నెట్‌వర్కింగ్ సైట్ల ద్వారా ఉద్యోగుల ఎంపిక: అపోహలు, వాస్తవాలు’. అందులో అపోహలన్నీ నావి, వాస్తవాలన్నీ ఆవిడవి. నేను గంటసేపు అప్పు తెచ్చుకున్న మాటలే మాట్లాడాను. చప్పట్లు మాత్రం నాకు కొట్టారు. మేడం ఇప్పుడు కరీంనగర్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఫోను చేస్తే ముందు “తిన్నవా” అని అడుగుతారు. అయితే నాకు పని నేర్పిన ఆ మనిషే ఒకప్పుడు తనకు పని కావాలని నేను కూర్చున్న బల్లకు అవతల వచ్చి కూర్చున్నారు. ఆ ఉద్యోగం ఆవిడకు వస్తుందా రాదా అన్నది అప్పుడు కొంతవరకు నా చేతిలో ఉండింది. ఆ వారం గురించి తల ఎత్తుకుని రాయడం నాకు సాధ్యం కాదు. అందుకే సెమినార్‌లో చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నేను పదో తరగతి దగ్గర బడికి సలాం కొట్టినవాణ్ణి. మల్కాజ్‌గిరిలో మా ఇల్లు. మా నాన్న తాపీమేస్త్రీ. జిరాక్సు షాపులో విద్యార్థులకు బయోడేటాలు టైపు చేసిపెట్టేవాణ్ణి, టైపు చేస్తూ ఆటపట్టించేవాణ్ణి. ఒకరోజు ఒక కుర్రాడి బయోడేటాలో అభిరుచులు కాగితం నెత్తి మీదే ఉన్నాయి: పాటలు వినడం, వంట, తోటపని. “అన్నా, ఇది కొలువుకా, పెండ్లిచూపులకా?” అన్నాను. అతనూ నవ్వాడు. వెనక నిలబడి తన కాగితాల కోసం ఎదురు చూస్తున్న ఒక పెద్దావిడ కూడా నవ్వారు. అతను వెళ్లాక ఆవిడ నన్ను అడిగారు, ఆ పిల్లవాడి కాగితం మొత్తం చదివావా అని. టైపు చేసేటప్పుడు కంటపడుతుంది కదా అన్నాను. ఏం కంటపడిందని అడిగారు. సెలవుల్లో ఊళ్లో కరెంటు పని చేశాడని అట్టడుగున ఒక వరుస ఉంది, అదొక్కటే అందులో మనిషిలా ఉంది అన్నాను. ఆవిడ తన విజిటింగ్ కార్డు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడే పోయాను. గోడకు ఏసుప్రభువు క్యాలెండరు, కిటికీలోంచి కింది టిఫిన్ సెంటర్ పోపు ఘాటు, బల్ల వెనక ఆవిడ.

“ఎందాక సదివినవ్?”

“నేను తొమ్మిది దాక సదివిన మేడం. పదో తరగతి నన్ను సదివి వాపస్ పంపింది.”

ఆవిడ నవ్వారు గానీ నవ్వు అయిపోయాక కూడా నా మొహమే చూస్తూ ఉన్నారు. అప్పటిదాకా ఆ జోకు వేశాక ఎవరూ నా మొహం చూడలేదు. సోమవారం రమ్మన్నారు.

ఆ నెట్‌వర్కింగ్ సైటును మొదటిసారి చూసినప్పుడు నాకది మా చౌరస్తాలో షేరింగ్ ఆటోల అడ్డాలా కనిపించింది. “హబ్సిగూడ, ఉప్పల్, ఉప్పల్” అని గట్టిగా అరిస్తే చాలు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు. ఒక మందుల కంపెనీకి ప్రొడక్షన్ మేనేజరు కావాలి. నేను ‘డియర్ క్యాండిడేట్’ అని మొదలుపెట్టి ఒకే సందేశం తయారు చేసి, మందుల తయారీ అన్న మాట ప్రొఫైల్‌లో కనిపించిన ప్రతి ఒక్కరికీ పంపేశాను. మధ్యాహ్నం దాకా చిటికెలు వేసుకుంటూ కూర్చున్నాను, జనం తోసుకుని వస్తారని. ఒకే ఒక్క జవాబు వచ్చింది. “నా సొంత కంపెనీలో నాకు మేనేజరు ఉద్యోగం ఇప్పిస్తానంటున్నారు, చాలా సంతోషం, మా నాన్నగారికి కూడా చెబుతాను” అని. ఆయన మాకు ఆ పని అప్పగించిన కంపెనీ యజమాని కొడుకు, దానికి డైరెక్టరు.

మేడం అది చదివి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. భుజాలు కదులుతుంటే అర్థమైంది, నవ్వుతున్నారు. తర్వాత నా ఎదురుగానే ఆయనకు ఫోను చేసి, మా పిల్లవాడు కొత్త, నేను చూడకుండా వదిలేశాను, తప్పు నాది అని చెప్పారు. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగారు.

“యాద్గిరీ, గీడ ఉన్నోళ్లల్ల సగంమంది యాడికీ పోదామనుకుంటలేరు. వాళ్ల పనిల వాళ్లున్నరు. మనమే పోయి వాళ్ల తలుపు కొడ్తున్నం. తలుపు కొట్టెటోడు లోపల ఎవరున్నరో పేరన్న సదవాలె గద.”

అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాను. బడిలో చదవని చదువంతా అక్కడ చదివించారు ఆవిడ. చదివినా మొదట్లో తప్పుగానే చదివేవాణ్ణి. సూటు వేసుకుని ఫోటో దిగినవాళ్లు, వేలమంది పరిచయస్తులున్నవాళ్లు, ప్రతి వరుసలో ఏదో ఒకటి సాధించినవాళ్లు నాకు మహా గొప్పగా కనిపించేవారు. అలాంటి ఒకాయన్ని నేనే ఏరి తెచ్చాను. మా ఆఫర్ చేతిలో పట్టుకుని తన పాత కంపెనీలోనే పెద్ద కుర్చీ సంపాదించుకుని, చేరాల్సిన రోజున ఫోను ఆపేసుకున్నాడు. ఫోటో లేకుండా మూడే వరుసలు రాసుకున్న మా మల్కాజ్‌గిరి మనిషినే ఖాళీ ఇల్లనుకుని దాటిపోయాను. మేడం అతనికి ఫోను చేశారు. అతను రోజంతా మిషన్ల దగ్గర నిలబడి ఉంటాడట, తన గురించి రాసుకునే తీరిక ఎక్కడిది. చేరాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఆవిడ పద్ధతుల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచింది శనివారం మధ్యాహ్నాలు. అన్నం తిన్నాక కంప్యూటర్ ఆపేసేవారు. ఆ వారం ఇంటర్వ్యూకు వెళ్లి ఎంపిక కాని వాళ్లందరికీ ఒక్కొక్కరికీ తానే ఫోను చేసి, మీకు రాలేదని చెప్పేవారు. ఉద్యోగం వచ్చినవాళ్లకు ఫోను చేసే పని నాకు వదిలేసేవారు. పండగలాంటి పని నాకు, ఈ పని తనకు. ఉండబట్టలేక ఒకసారి అన్నాను, ఫోను రాకపోతే రాలేదనే కదా మేడం, వాళ్లకే సమజవుతుంది, ఊరంతా అట్లనే చేస్తోంది అని.

“నీకు సమజైతది. ఆయనకు కాదు. ఆయన ఫోన్ పక్కన వెట్టుకొని అన్నం తింటుంటడు.” ఫోను అందుకుంటూ అన్నారు, “శనారమే చెప్పాలె రా. రేపు ఐతారం. చుట్టాలొస్తరు, చర్చిల కలుస్తరు, నౌకరి ఏమైందని అడుగుతరు. గప్పుడు చెప్పుకోనీకి ఆయన తాన ఒక మాట ఉండాలె.”

ఆవిడ చెప్పే తీరు కూడా వేరు. పేరు అడిగి, తన పేరు చెప్పి, మొదటి వాక్యంలోనే ఈసారి మీకు రాలేదండీ అనేవారు. తర్వాత ఆగేవారు. అవతలి మనిషి ఊపిరి పీల్చుకుని ఏదో ఒకటి అనేదాకా ఆగేవారు. ఎందుకు రాలేదని అడిగితే తెలిసినంత చెప్పేవారు. ఆ ఆగడం నాకు వచ్చేది కాదు. నా చేత ఫోను చేయించిన మొదటిరోజు, ఒక నడివయసు మనిషికి రాలేదని చెప్పి, ఆ నిశ్శబ్దం మోయలేక, మీకు కాదు సార్, ఆ కంపెనీకే నసీబు లేదు అని నవ్వాను. ఆయన నవ్వలేదు. సరే అని పెట్టేశాడు. నేను తలెత్తేసరికి మేడం నన్నే చూస్తున్నారు.

“నవ్వి నువ్వు బైటవడ్డవ్ యాద్గిరీ. ఆయన లోపట్నే ఉన్నడు.”

ఇంత చిన్న మాట నన్ను అంతగా తాకుతుందనుకోలేదు. ఎందుకంటే నా బతుకంతా అదే పద్ధతి. ఆ సైటులో మేడం నాకూ ఒక ప్రొఫైల్ తెరిపించారు. పేరు, ఊరు, చేస్తున్న పని అన్నీ నింపాను. చదువు దగ్గర గడి ఖాళీ. ముందుపన్ను ఊడినవాడు నోరు మూసుకుని నవ్వినట్టు ఆ ప్రొఫైల్ ఉండేది. “నన్ను ఎంపిక చేయడానికి నువ్వేం చదివావు?” అని ఒక అభ్యర్థి మొహం మీదే అడిగాడు. మీలాంటివాళ్ల బయోడేటాలు చదివాను సార్ అని నవ్వించి పంపేశాను. సాయంత్రం మేడం నెమ్మదిగా అడిగారు, సిగ్గయిందా అని. అలవాటైంది మేడం అన్నాను. అలవాటైందంటే అవుతున్నట్టే కదా అన్నారు. నా సిగ్గుకు ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టయింది.

కొన్నేళ్లకు ఆఫీసు పలచబడింది. కంపెనీలవాళ్లు ఒక్కొక్కరే, సైటు మా చేతిలోనే ఉంటే మధ్యలో మీరెందుకన్నారు. పేర్లు దొరికితే మనుషులు దొరికినట్టే అనుకున్నారు. మేడం ఎవరితోనూ వాదించలేదు. మూసేముందు నా కోసం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనుషులను వెతికే విభాగంలో పని చూసిపెట్టారు. చదువు గడి సంగతి కూడా వాళ్లకు ముందే తానే చెప్పారు, నేను చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా. ఆఫీసు కుర్చీలు పక్క వీధిలోని ఆవిడ ఇంటికి నేనే మోసుకెళ్లాను. అప్పుడప్పుడు వస్తాను మేడం అన్నాను. వెళ్లింది తక్కువ.

ఆ కంపెనీలో నేను బాగానే ఎదిగాను. అక్కడ ఎంపిక కాని వాళ్లకు కంప్యూటరే మెయిల్ పంపేస్తుంది. మొదటి శనివారం నాకు ఏదో మరిచిపోయినట్టనిపించింది. తర్వాత అనిపించలేదు.

అలాంటి రోజుల్లో మా విభాగానికి అనుభవమున్న పెద్దమనిషి ఒకరు కావాల్సి వచ్చింది. గోడ మీద పెద్ద తెర వేసి, సైటులోని ప్రొఫైళ్లు ఒక్కొక్కటే చూస్తున్నాం. పని వెతుక్కుంటున్నామని చెప్పుకోవడానికి ఫోటో చుట్టూ ఆకుపచ్చ వలయం పెట్టుకునే వీలు ఆ సైటులో ఉంది. నా పైఅధికారి నిఖిల్, నాకంటే చిన్నవాడు, మంచివాడే, ఆకుపచ్చ వాళ్లను ఆఖర్న చూద్దామన్నాడు. బాగా పనిచేసేవాళ్లు ఖాళీగా ఉండరని అతని నమ్మకం. ఊళ్లో చాలామంది నమ్మకం. అలా జరుపుతూ పోతుంటే ఎస్తేరు మేడం ఫోటో వచ్చింది. ఎప్పటిదో పాస్‌పోర్టు ఫోటో. అంచు చీర, నున్నగా దువ్విన తల, చుట్టూ ఆకుపచ్చ వలయం.

ఆవిడకు పని అవసరమైందని నాకు గోడ మీద చూస్తే తెలిసింది.

ఎవరో అన్నారు, ఈ ఆంటీ పెళ్లి సంబంధాల సైటనుకుని వచ్చినట్టుందని. అందరూ నవ్వి, అలవాటు ప్రకారం నా వైపు చూశారు. రెండో జోకు ఎప్పుడూ నాదే. నా మొహం కాలిపోతోంది. “ఆవిడ నాకు పని నేర్పారు” అన్నాను. నిఖిల్ గొంతు సవరించుకుని, అయితే పిలుద్దాం అన్నాడు. తనతోపాటు నన్నూ ఇంటర్వ్యూలో కూర్చోమన్నాడు.

ఆ రోజు ఆవిడ చాలా ముందే వచ్చారు. రిసెప్షన్‌లో, మెడలో విజిటర్ ట్యాగు వేసుకుని, వేరే ఉద్యోగాలకు వచ్చిన మరో ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల మధ్య కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేను వస్తే ఆవిడ లేవడం అదే మొదటిసారి. “నమస్తే సర్” అన్నారు. నేను దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, మేడం, యాద్గిరీ అనండి అని బతిమాలాను.

“గీడ వద్దు రా,” అన్నారు పెదవులు కదిలీ కదలకుండా. “మనోడున్నడని తీసుకున్నరని ఎవ్వరన్న అంటె, మాట నీకొస్తది.”

లోపల నా వంతు ప్రశ్నలు కాగితం మీద రాసి ఉన్నాయి. అందులో ఒకటి, ఉద్యోగం లేకుండా ఉన్న కాలం గురించి అడగాలి. అడగకుండా దాటేద్దామనుకున్నాను. దాటేస్తే నిఖిల్ గమనిస్తాడు. ఆవిడ ఇంకా ముందు గమనిస్తారు. మధ్యలో ఈ ఖాళీ ఎందుకొచ్చిందండీ అని బల్ల వైపు చూస్తూ అడిగాను. ఆవిడ కొత్త మనిషికి చెప్పినట్టు మర్యాదగా జవాబు చెప్పారు. “నా ఆఫీసు మూతపడింది సర్. అప్పటి నుంచి రోజూ వెతుకుతున్నాను. మీరు ఖాళీ అన్నారు గానీ, నాకు అంత పని ఎప్పుడూ లేదు.” నిఖిల్ నవ్వాడు, మెచ్చుకోలుగా. నేను కాగితం మీద ఏదో రాస్తున్నట్టు గీతలు గీశాను.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. నిఖిల్‌కు ఆవిడ నచ్చారు. ఆఖరి మాట చెప్పాల్సిన పెద్దాయన మాత్రం ఆ వలయం దగ్గరే ఆగిపోయాడు. ఇన్ని నెలలుగా ఎవరూ తీసుకోలేదంటే ఏదో కారణం ఉండే ఉంటుందన్నాడు. నేను వాదించాను. అది పెట్టుకోవడమంటే క్లాసులో చెయ్యెత్తడమే కదా సార్, చెయ్యెత్తిన పిల్లను మొద్దు అనుకునే బడి ఒకటుండేది, అందులోంచే నేను బయటికొచ్చాను అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వించడానికి అనలేదు కూడా. శుక్రవారం సాయంత్రానికి ఉద్యోగం వేరే కంపెనీలో హాయిగా పనిచేసుకుంటున్న ఒకాయనకు ఖాయమైంది.

శనివారం మధ్యాహ్నం మెట్రో ఎక్కి తార్నాకలో దిగాను. మెయిల్ కంటే ముందే నా నోటితో చెప్పాలని. దారి పొడుగునా రకరకాల మాటలు కూర్చుకున్నాను. తలుపు తీసిన మేడం చేతికి పిండి అంటుకుని ఉంది. నా మొహం చూడగానే, “మెయిలొచ్చింది రా, నిన్ననే” అన్నారు. మిషను నాకంటే ముందే వచ్చి పోయింది.

అయినా లోపలికి వెళ్లి, ఒకప్పుడు నేను మోసుకొచ్చిన కుర్చీలో కూర్చుని చెప్పాను. “ఈసారి మీకు రాలేదు మేడం.” చెప్పి ఆగాను. నా జీవితంలో మొదటిసారి ఆగగలిగాను. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు. మేడం కిటికీ వైపు చూస్తూ కాసేపు కూర్చున్నారు. ఆవిడ కళ్లు తడిశాయో లేదో చూసే ధైర్యం నాకు లేదు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చారు.

“మంచిగ చెప్పినవ్,” అన్నారు. చాయ్ తెచ్చి ఇచ్చారు. నేను ఒక గుక్క తాగాక అడిగారు, “ఆ దినం నా పక్కన ఒక పిల్ల కూసున్నది. నీలం చున్నీ. పాపం ఫైల్‌ల కాగితాలు మళ్ల మళ్ల లెక్క వెట్టుకుంటున్నది. ఆమెకు చెప్పినవా?”

మెయిల్ వెళ్లే ఉంటుంది మేడం అన్నాను.

“మెయిల్ నాకు గూడ వచ్చింది గద. మరి నువ్వెందుకొచ్చినవ్?”

ఆవిడ దెప్పడానికి అనలేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగారు. మామూలుగా జవాబు లేనిచోట నా దగ్గర జోకు ఉంటుంది, ఈసారి అదీ లేదు. ఆవిడ ఇంటికి సిగ్గుపడుతూ వచ్చాననుకున్నాను. ఎందుకు సిగ్గుపడాలో ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. మేడం చాయ్ గ్లాసు నా చేతిలోంచి తీసి పక్కన పెట్టారు. ఫ్యాను చప్పుడు ఎక్కువని దాన్ని కట్టేశారు. నేను ఆఫీసుకు ఫోను చేసి ఆ అమ్మాయి నంబరు కనుక్కున్నాను.

మొదటి రింగుకే ఎత్తింది. కంపెనీ పేరు చెప్పగానే “సార్?” అంది. ఒక్క మాటే. మెయిల్ ఆమె ఇంకా చూడలేదు. మీకు ఈసారి రాలేదమ్మా అన్నాను. ఆగాను. అటువైపు కుక్కర్ కూత, ఎవరో ఆడమనిషి ఏమంటున్నారే అని అడగడం వినిపించాయి. ఎందుకు రాలేదో చెబుతారా సార్ అని ఆ అమ్మాయి అడిగింది. తెలిసినంత చెప్పాను. సరే సార్ అంది, ఇంకాసేపు ఫోను పెట్టలేదు, నేనూ పెట్టలేదు. మేడం నా ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఉద్యోగం రానివాళ్లలో తానూ ఒకరన్న సంగతి మరిచిపోయినట్టు, నా గొంతే వింటున్నారు. నేను పెట్టేశాక, ఇంకెవరున్నరు అని అడిగారు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో కూర్చుని, ఆ వారం రానివాళ్లందరికీ ఫోను చేశాను. ఇప్పుడు ప్రతి శనివారం చేస్తున్నాను. మా ఆఫీసులో దీన్ని యాద్గిరి పిచ్చి అంటారు, నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. పేరు చెప్పడం, మొదటి వాక్యంలోనే విషయం చెప్పడం, ఆగడం, అన్నీ వచ్చాయి. పదిసార్లు మోగాక విసుగ్గా ఎత్తేవాళ్లతో నాకు ఇబ్బంది లేదు. మొదటి రింగుకే ఎత్తేవాళ్లుంటారు, ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నవాళ్లు. వాళ్లతో మాట్లాడటం మాత్రం నాకింకా చేతకావడం లేదు.